తొంభై ఆరు నిమిషాల్లో సగం

2019 ఫిబ్రవరిలో నేను జమ్మికుంటలోని ఒక సినిమా హాలుకు మేనేజరుగా ఉన్నాను. రీళ్ల కాలంలో ఆపరేటరుగా చేరి ఆ హోదాకు వచ్చినవాణ్ణి. నాకు సినిమా అంటే నిడివి, ఆటల వేళలు, ప్రేక్షకుల సంఖ్య. కథ నా శాఖ కాదు.

ఆ నెలలో ఒక శుక్రవారం మా యజమాని ఒక చిన్న చిత్రానికి రెండు ఆటలు ఇచ్చారు: ఉదయం ఆట, మ్యాట్నీ. మ్యాట్నీలో జనం చివరిదాకా కూర్చోకపోతే సాయంత్రం నుంచి వేరే పెద్ద సినిమా. దర్శకురాలు షాహీన్, ఊళ్లో బట్టల దుకాణం వారి అమ్మాయి. నాలుగేళ్లు కష్టపడి తీసింది. ఏ ఊళ్లోనూ నిలవలేని కాగజ్‌నగర్ అమ్మాయికీ, పెద్దపల్లి–మంథని బస్సు కండక్టరుకూ కుదిరిన ప్రేమ అందులోని కథ. నిడివి తొంభై ఆరు నిమిషాలు. విశ్రాంతి లేదు.

"మధ్యల ఆపకుండ్రి అంకుల్, సిన్మా ఖరాబైతది" అంది షాహీన్.

క్యాంటీన్ రాజయ్య ఊరుకోలేదు. "ఇంటర్వెల్ లేకుంటే గది సిన్మా ఎట్లైతది సార్? నా మిర్చీలు ఎవలు తింటరు?"

రాజయ్యది న్యాయమైన అభ్యంతరం. తొంభై ఆరును రెండుతో భాగించాను. ఇప్పుడు రీళ్లు లేవు; ఏ నిమిషంలో ఆగాలో ముందే చెబితే యంత్రమే ఆగి దీపాలు వెలిగిస్తుంది. నలభై ఎనిమిది అని చెప్పాను.

ఉదయం ఆటలో, నలభై ఎనిమిదో నిమిషంలో ఆ అమ్మాయి మంథనిలో బస్సు దిగి, కండక్టరుకు నవ్వుతూ చేయూపింది. బస్సు వెళ్లిపోయింది. దీపాలు వెలిగాయి. తెరమీద "విశ్రాంతి" అన్న అక్షరాలు లేవు. "అయిపోయిందా? చిన్నగున్నా మంచిగనే ఉన్నది" అనుకుంటూ జనం బండ్లు తీసుకుని ఇళ్లకు పోయారు. వచ్చినవారు 63. మిగిలినవారు 22.

షాహీన్ కోప్పడలేదు. "అంకుల్, మీరు సిన్మా సూసిండ్రా?" అని మాత్రం అడిగింది.

చూడలేదు. వెళ్లి ఆ ఇరవై రెండు మందితో కూర్చున్నాను. యాభై ఏడో నిమిషంలో కండక్టరు, "ఇగ చెప్పు, టికెట్ ఎక్కడికి కొట్టాలె?" అని అడిగాడు. ఆమె చెప్పేలోపే నేను గడియారం చూసి అంకె రాసుకున్నాను.

"గాడ ఆపితే నన్ను తిడ్తరు అంకుల్!" అంది షాహీన్, మ్యాట్నీకి అక్కడ ఆపుదామంటే.

తిట్టడానికైనా తిరిగి వస్తారన్నాను.

మ్యాట్నీ అక్కడే ఆగింది. క్యాంటీన్ దగ్గర ఒకటే వాదన. "మంథనికే కొట్టుమంటది సూడు!" "ఏ, ఊకో! ఆ పిల్ల అవ్వ కాగజ్‌నగర్‌ల ఉన్నది, గాడికే పోతది!" మిర్చీలు అయిపోయిన సంగతి రాజయ్య గమనించలేదు, వాదనలో అతనూ ఉన్నాడు.

ఆట ఆగినప్పుడూ, మళ్లీ గంట కొట్టాకా తలుపు వద్ద నిలబడి లెక్కించాను. బయటికి వచ్చినవారు 71. లోపలికి వెళ్లినవారు 72. తేడా ఎక్కడిదని వెతికితే, నూనె చేతులతోనే రాజయ్య ముందు వరుసలో కనిపించాడు.

సాయంత్రం ఆట కూడా ఆ చిత్రానికే దక్కింది.

నిడివిలో సగం వేరు, కథలో సగం వేరు అని ఆ రోజు తెలుసుకున్నాను. ఆ చిత్రంలో వాటి మధ్య దూరం తొమ్మిది నిమిషాలు. తరువాత పదవీ విరమణ వరకు, విశ్రాంతి లేకుండా వచ్చిన ఏ చిత్రాన్నీ ముందుగా చూడకుండా ఆపలేదు.