పడుచు పుంజుకు బుద్ధి చెప్పిన రోజులు

ఆ రోజుల్లో, అంటే నేను కొత్తగా ఉద్యోగంలో చేరి ఇంట్లోంచే పని చేస్తున్న కాలంలో, ఎలాంటి చిక్కుకైనా ఫోన్‌లో వెతికితే ఉపాయం దొరుకుతుందని గట్టిగా నమ్మేవాణ్ణి. నాన్న పోయిన కొత్త. తిరుమలగిరి ఇంట్లో టీచరుగా రిటైరైన అమ్మ, నేను, ఇద్దరమే మిగిలాం. అమ్మ ఏడవలేదు. సమాధుల తోటలో కూడా ఏడవలేదు. వచ్చినవాళ్లందరికీ టీలిచ్చి పంపి, ఆ తర్వాత మాట్లాడటమే తగ్గించేసింది. మనిషికి వ్యాపకం ఉండాలని ఫోన్ చెప్పింది కాబట్టి బొల్లారం వెళ్లి నాటుకోడి పిల్లల్ని తెచ్చాను. "అన్నీ పెట్టలే సార్, గ్యారంటీ" అన్నాడు అమ్మినవాడు.

ఆ గ్యారంటీలో ఒకదానికి నెత్తిన ఎర్రటి తురాయి లేచింది. కూత షురూ చేసింది. (కూత అనడం నా మర్యాద. తుప్పుపట్టిన గేటు తీసినట్టుండేది.) అక్కడితో ఆగితే బాగుండేది. పెట్టలింకా గుడ్లకు రాలేదు, వాటి లోకమంతా నూకలూ చీమలూ. వీడేమో వెంటపడి, మెడ మీది ఈకలు ముక్కుతో పట్టి వీపెక్కేవాడు. అవి కేకలు పెట్టి నీళ్ల డ్రమ్ము వెనక దూరేవి. అన్నిటికంటే చిన్నదైన తెల్లపెట్టకు వీపంతా బోడయి, పుండు పడింది. అది తిండికి కూడా బయటికి రావడం మానేసింది.

"అవింకా పసిపిల్లల్రా. వాణ్ణేదో ఒకటి చెయ్యి" అంది అమ్మ. ఎన్నాళ్లకో నాతో అన్న నిండు మాట అది. అందుకే ప్రాణం పెట్టాను. పుంజును జామచెట్టుకు కడితే, దాని కూత విని మీటింగులో మా మేనేజరు "ఎవరండీ, ఏదో చెప్పాలనుకుంటున్నారు?" అని అడిగాడు. బాత్రూంలో పెడితే పుంజుగారి పర్యవేక్షణలో స్నానం చేయాల్సి వచ్చింది. ఒకరోజు ఎదురుగా కూర్చోబెట్టుకుని నీతిబోధ కూడా చేశాను.

ఆ లొల్లి విని పక్కింటి ఆంటీ గోడ మీంచి తొంగిచూసింది. "ఏందీ బాబూ, పుంజుకు క్లాసు పీకుతున్నవా? నువ్వు జెప్తే ఇంటదా? మా ముసలిపెట్టను తీస్కపో, జెర సక్కగ జేస్తది."

ముసలిపెట్ట దిగింది. మనవాడు రెక్క వాల్చి, వయ్యారంగా దాని చుట్టూ తిరగబోయాడు. నెత్తిన ఒక్క పోటు పడింది. పారిపోయి నా స్కూటరు కింద దూరాడు. ఆ రోజు నుంచి పెట్టల జోలికెళ్లినప్పుడల్లా అదే శాస్తి. పిల్లపెట్టలు వాకిట్లో తిరుగుతుంటే అమ్మ వరండాలోకొచ్చి నిలబడి చూసేది. ఘనకార్యం నాదే అన్నట్టు పొంగిపోయాను.

తెల్లదానికి మాత్రం ఆ సాయం ఆలస్యంగా అందింది. ఒక పొద్దున డ్రమ్ము పక్కన చల్లబడి ఉంది. అమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఎక్కిళ్లు పెట్టి, వీధికి వినబడేలా ఏడ్చింది. చెవులకు హెడ్‌ఫోనుతోనే పరుగెత్తుకొచ్చాను.

"ఊరుకో అమ్మా. బొల్లారం వెళ్లి ఇంకోటి తెస్తాగా."

అమ్మ తలెత్తి చూసింది. "మీ నాన్నని కూడా తెస్తావట్రా, అక్కణ్ణుంచి?"

హెడ్‌ఫోను తీసి పక్కన పెట్టాను. అందులోంచి మేనేజరు "హలో, హలో" అంటూనే ఉన్నాడు. ఆ మెట్టు మీదే కూర్చున్నాను. కాసేపటికి అమ్మ నా భుజానికి తల ఆనించింది.

ఇంకోటి తెస్తానన్న ఆ కుర్రాడు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. పాపం, ఓదార్చడమంటే ఏదో ఒకటి తెచ్చివ్వడమే అనుకునేవాడు.