ఊరేగింపులో ఆగే బండి

2023 మే నెల. అవనిగడ్డలో కాలవ గట్టు పక్కన రేకుల షెడ్డు నాది. కార్బురేటర్ బళ్లు బాగుచేసేవాళ్లం ఈ దివిసీమలో ఇద్దరం ముగ్గురమే మిగిలాం. కొత్త బండికి కంప్యూటర్ తగిలిస్తే జబ్బు పేరు అదే చెబుతుంది. పాత బండి దగ్గర మాత్రం కూర్చుని, కళ్లు మూసుకుని వినాలి. ఆ కాసేపు నేనెక్కడ ఉన్నానో నాకే తెలియదు. మా ఆవిడ దాన్ని నిద్ర అంటుంది.

నాంచారయ్య గారి తెల్ల అంబాసిడర్ ఈ చుట్టుపక్కల ఊళ్లకి పెళ్లి బండి. ముప్ఫై ఏళ్లుగా కొత్త దంపతుల్ని ఊరేగించింది, నన్నూ మా ఆవిడనీ కూడా. అలాంటిది ఆ వేసవిలో వరసగా రెండు ఊరేగింపుల్లో నడిరోడ్డున ఆగిపోయింది. తరవాతిది ఆయన మనవరాలు లావణ్య పెళ్లి.

"మగపెళ్లివాళ్లు ఒప్పుకోవట్లేదయ్యా," అన్నారాయన. "వాళ్ల కొత్త కారు వెనకే తెస్తారంట. మన బండి ఆగిందా, అక్కడే పిల్లని దించి అందులో ఎక్కిస్తారంట. అది మటుకు నేను చూళ్లేను."

"ఎప్పుడు ఆగుతుందండీ?"

"నడక స్పీడులో. కాస్త తొక్కితే బానే పోద్ది."

తక్కువ వేగంలో ఆగిందంటే మేం ముందు చూసేది ఐడిల్ జెట్. యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజన్‌కి పెట్రోలు అందించే సన్నటి బెజ్జం అది. విప్పి కడిగాను. కార్బురేటర్ కింద గాస్కెట్ కూడా మార్చాను, అక్కడ సందుంటే దొంగగాలి లోపలికి పోతుంది. షెడ్డులో గంటసేపు ఇంజన్ మెత్తగా తిరుగుతూనే ఉంది. దాని పక్కన నేనూ కునికిపాట్లు పడ్డాను.

"ఇక ఆగదండీ, నాదీ పూచీ," అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

పెళ్లి సాయంత్రం బానెట్ అంచున చెయ్యి వేసి బండి పక్కనే నడిచాను. ఎండ తగ్గింది. సన్నాయి, పన్నీరు వాసన, డాబాల మీద నిలబడ్డ ఆడవాళ్లు, అన్నీ నీళ్లలోంచి చూస్తున్నట్టు నెమ్మదిగా కదులుతున్నాయి. ఒక్క క్షణం అది నా పెళ్లి ఊరేగింపే అనిపించింది. మేళం మోతలోనూ నా చెవి ఇంజన్ మీదే ఉంది.

పాల కేంద్రం దాటాక అది తడబడింది. పచ్చి పెట్రోలు వాసన కొట్టింది. బానెట్ మీద చెయ్యి చురుక్కుమంది. అప్పుడుగానీ పట్టించుకోలేదు, బండి ముందు భాగమంతా కప్పేస్తూ బంతి, చామంతి అల్లిన తెర. పక్కల దండలు తాజాగానే ఉన్నాయి, ముందున్న పూలు మాత్రం వడిలి నల్లబడ్డాయి.

"ఈ తెర ఎప్పట్నుంచి కట్టిస్తున్నారండీ?" అని డ్రైవింగ్ సీట్లో ఉన్న నాంచారయ్య గారిని అడిగాను.

"ఈ ఏడాదేనయ్యా. బండి పాతబడింది కదా, అందంగా కనబడాలని."

రేడియేటర్‌కి గాలి లేదు. వేడికి కార్బురేటర్లో పెట్రోలు మరిగి పొంగుతోంది. దీన్ని పెర్కొలేషన్ అంటాం. వేగంగా పోతే గాలి తగిలి సర్దుకుంటుంది, నడక వేగంలో ఇంజన్ ఉక్కిరిబిక్కిరై ఆగుతుంది. టెంపరేచర్ ముల్లు పనిచేసి ఉంటే అదే చెప్పేది, కానీ అది చచ్చి చాలా కాలమైంది. నా షెడ్డుకి ఆ బండి ఎప్పుడూ పూలు లేకుండానే వచ్చింది.

"న్యూట్రల్లో పెట్టి కాస్త రేజ్ చేస్తూ ఉండండి," అని ఆయనకి చెప్పి, తెర తాళ్లు తెంచబోయాను. పెళ్లికొడుకు తండ్రి నా చెయ్యి పట్టుకున్నారు.

"పెళ్లి బండి పూలు తెంచుతావేంటయ్యా? అశుభం."

వెనక కొత్త కారు తలుపు అప్పటికే తీశారు. నాంచారయ్య గారు స్టీరింగ్ వదల్లేదు, నావంక చూడనూ లేదు. నేనిచ్చిన పూచీ గుర్తొచ్చి సిగ్గేసింది.

వెనక సీట్లోంచి లావణ్య ముందుకి వంగింది.

"తెంచొద్దు మావయ్యా, ముళ్లు విప్పి ఇటివ్వండి. నా ఒళ్లో పెట్టుకుంటాను. బండిలోనే ఉంటాయిగా."

పెళ్లికొడుకు నవ్వి, నేనందించిన తెరకి ఒక కొస పట్టుకున్నాడు. వాళ్ల నాన్న కొత్త కారు తలుపు వేసెయ్యమని వెనక్కి సైగ చేశారు. మేళం వాళ్లు ఒక పాట పూర్తిచేసేలోపు ఇంజన్ కుదుటపడింది. విడిది దాకా నడక వేగంలోనే, ఎక్కడా ఆగకుండా వెళ్లాం. నాంచారయ్య గారు దారంతా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నారు.

అప్పట్నుంచి ఎవరొచ్చినా, బండి ఆగినప్పుడు ఎలా ఉందో అలాగే తెమ్మంటాను. బస్తాలతో ఆగితే బస్తాలతో, పూలతో ఆగితే పూలతో.

ఆ బండికి ఇప్పటికీ పూల తెర అల్లుతారు, పెళ్లికూతురు ఒళ్లో పెట్టుకుంటుంది. మొన్న ఒక పెద్దావిడ అది మా వైపు తాతల నాటి ఆచారమని నాకే వివరంగా చెప్పింది. ఔనండీ అన్నాను.