రెండు టేకు స్తంభాలు, ఒక ప్రేమవిందు

ఉద్యోగంలో చేరిన ఆ తొలి రోజుల్లో, బేరమాడటాన్ని మించిన విద్య లేదని గట్టిగా నమ్మేదాన్ని. కావలి బజారులో పుట్టి పెరిగినదాన్ని మరి. మా నాన్నది ఇనుప సామాన్ల కొట్టు, ఎదురుగా మా పిన్నిది గాజుల కొట్టు. మా వీధిలో కొనాలనుకున్న వస్తువును ముందు బాగా తిట్టాలి, తర్వాత పెదవి విరిచి మెట్లు దిగాలి, వెనక నుంచి పిలిచేదాకా తిరిగి చూడకూడదు. ఎవరూ నిజంగా వెళ్లిపోవడం లేదని కొనేవాళ్లకీ అమ్మేవాళ్లకీ తెలుసు. (ఇళ్ల ప్లాన్లు గీయడం కాలేజీలో నేర్చుకున్నాను గానీ, అన్నం పెట్టేది ఈ విద్యేనని నా ధీమా.)

మా ఆఫీసు పెద్దసారు పాత ఇళ్లు కూల్చినచోట తలుపులు, దూలాలు, పెంకులు కొని కొత్త ఇళ్లలో వాడేవారు. "అన్నేళ్లు ఎండిన టేకు ఇప్పుడు ఏ అడవిలోనూ దొరకదమ్మా" అనేవారు. బోగోలు దగ్గర ఒక పెంకుటిల్లు తీసేస్తున్నారని తెలిసి, దాని వసారాలోని నాలుగు స్తంభాలను స్వయంగా కొలుచుకొచ్చి, జువ్వలదిన్నెలో ఒక మాస్టారు కట్టుకుంటున్న ఇంటికి సరిగ్గా వాటి ఎత్తుకే వసారా గీశారు. వాటిని తెచ్చే బాధ్యత నాది. ఒంటరిగా నాకప్పగించిన మొదటి పని అదే.

బోగోలు ఇంటావిడను నేను అక్కా అన్నాను, ఆమె నన్ను ఇంజినీరమ్మా అంది. స్తంభాలు చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. అయినా మొహం చిట్లించి, గోరుతో గీకి, "చెదలు పట్టినాయక్కా. లోపలంతా డొల్ల. పొయ్యిలోకి తప్ప పనికిరావు" అన్నాను. ఆమె చెప్పిన ధరకు సగం చెప్పి, ఫోన్ నంబరిచ్చి, వెనక్కి చూడకుండా బస్సెక్కాను. "రెండ్రోజుల్లో తనే ఫోన్ చేస్తుంది సార్" అని కూడా కోతలు కోశాను.

ఫోన్ రాలేదు. నేనూ చేయలేదు. (ముందు చేసినవాళ్లు ఓడిపోయినట్టే, అది మా బజారు రాజ్యాంగం.) వారం గడిచింది, మాస్టారి ఇంటికి పునాది లేచింది. ఆదివారం మధ్యాహ్నం పంతం చంపుకుని బోగోలు వెళ్లాను. ఆమె ఇంటి పక్కనే చర్చి, దాని ముందు షామియానా, వచ్చినవాళ్లందరికీ ప్రేమవిందు భోజనాలు. అక్క నన్ను చూసి, "రా ఇంజినీరమ్మా, మాటలు తర్వాత, ముందు కూర్చో" అని విస్తరి వేసింది. సాంబారు రెండోసారి కూడా పోయించుకుని, "భలే ఉందక్కా" అన్నాను.

"మంట బాగా పడిందిలేమ్మా. అంతా నీ చలవే."

"నేనేం చేశాను?"

"ఆ స్తంభాలే. రెండు పొయ్యిలో పెట్టినాము. డొల్లేమో గానీ, గొడ్డలి దిగక మా ఆయన చెమటలు కక్కినాడు."

"అయ్యో అక్కా, అవి అసలైన టేకు!"

"నువ్వే గదమ్మా పనికిరావన్నావు? మొన్న ఇంకొకాయన కొంటానని వస్తే, డొల్లవి అంటగట్టడం తప్పని నేనే వద్దని పంపించేసినాను."

"ఊరికే, బేరం కోసం అన్నానక్కా."

"ధర తగ్గించమంటే పోయేది గదా. మంచి కొయ్యను చెడ్డదనడమెందుకమ్మా?"

కోపంతో కాదు, నిజంగా అర్థంకాక అడిగింది. విస్తరి మడిచి చెయ్యి కడుక్కుని, ఆమె వెంట పక్కనే ఉన్న ఇంటికి నడిచాను. మిగిలిన రెండు స్తంభాల మీద చెయ్యివేసి, "ఇవి చాలా మంచివక్కా" అన్నాను. కొనకముందే సరుకును మెచ్చుకోవడం నా జన్మలో అదే మొదలు. నాలుగింటికీ ఆమె చెప్పిన ధరే ఇవ్వబోతే రెండింటికే తీసుకుంది. "కాలిపోయినవాటికి డబ్బులేందమ్మా, నువ్వూ తిన్నావు గదా" అంది.

పెద్దసారు అంతా విన్నారు. రబ్బరు తీసి, కాగితం మీద రెండు స్తంభాలు చెరిపేశారు. నాలుగు కేకలేసి ఉంటే ఎంత బాగుండేదో!

ఇప్పుడు నాకే సొంత ఆఫీసుంది. పాత కలప కొనేటప్పుడు ముందు దానిలోని మంచి చెబుతాను, మా మేస్త్రీ తల పట్టుకుంటాడు. ఎప్పుడైనా మాస్టారి వసారాలో కూర్చుంటే, వచ్చినవాళ్లు "రెండే స్తంభాలు పెట్టి, గాలికి ఎంత చక్కగా దారి వదిలారండీ" అని మెచ్చుకుంటారు. తలూపుతాను. ఆ దారినే వచ్చే సముద్రపు గాలిలో నాకు మాత్రం సాంబారు వాసన తగులుతుంది. తన స్తంభాల మంట మీద ఉడికినదాన్ని రెండోసారి కూడా పోయించుకున్న ఆ ఇంజినీరమ్మ గుర్తొచ్చి, పాపం, నవ్వొస్తుంది.