నీలిరంగు గోపాలుడూ నా వ్యాఖ్యానమూ

పాఠక మహాశయులారా! నా తెలుగు పాండిత్యమూ, నా లినక్స్ పాండిత్యమూ ఒకే పూట, ఒకే కుర్చీలో మట్టిగరచిన వృత్తాంతమిది. ఎలాగో బయటపడ్డాను గనుకనే ఇప్పుడింత ధీమాగా చెప్పగలుగుతున్నాను.

రెండువేల దశకం చివరి మాట. విజయవాడలో తెలుగు పండితుడిగా ఉన్న నేను, వైరస్సులు నా కంప్యూటరును కబళించిన మీదట, విండోస్ తీసేసి దాని బదులు లినక్స్ ఎక్కించుకున్నాను. ఆనాటినుంచి నా కాళ్లు నేలమీద నిలవలేదు. పాలవాడికి సైతం లినక్స్ మహిమను వర్ణించనిదే పాలు పోయించుకునేవాణ్ణి కాను. దానికున్న లోపం ఒక్కటే. అంతర్జాలంలోని వీడియోను బ్రౌజరులో పెడితే, వన్ టౌన్ సందులో ఎదురుపడిన తోపుడుబళ్లలాగా రెండడుగులు కదిలి నిలబడిపోయేది. లంకెను కాపీచేసి మీడియా ప్లేయరుకు అప్పగిస్తే మాత్రం, లాకులెత్తిన కాలువలాగా సాగిపోయేది. ఈ ఉపాయం కనిపెట్టి, నన్ను నేనే సన్మానించుకున్నాను.

మా బడిలోనే పనిచేసే రూతు టీచరుగారి అమ్మాయి మెర్సీ. డిగ్రీ చదువుతూ నాట్యం నేర్చింది. గోపాలుడి వేషం కట్టి ఆ అమ్మాయి చేసిన ప్రదర్శనను కళాశాలవారు అంతర్జాలంలో పెట్టారు. కూచిపూడిలోని ఒక గురువుగారి వద్ద శిష్యరికం చేయాలని ఆమె ఆశ. ఆయన కొత్తవారిని చేర్చుకోవడం దాదాపు మానేశారు. కళ్లజోడు మార్పించుకోవడానికి ఆయన బెజవాడ వస్తున్నారని తెలిసి, నేనే బతిమాలి మా ఇంటికి రప్పించాను. పిల్లకు మడమ బెణికి కట్టుతో ఉన్నందున వీడియోయే దిక్కు. అది నచ్చకపోతే ఆ తలుపు మళ్లీ తెరుచుకోదు.

ఆ ఉదయం, గురువుగారి కంటికి ఆనుతుందో లేదోనని, వెలుగు పెంచబోయి ప్లేయరులో వెలుగూ రంగులూ మార్చే జారుడు మీటలన్నిటినీ ఇష్టారాజ్యంగా జరిపాను. ఒక పాత హరికథ వీడియో పెట్టి పరీక్షించాను. దివ్యంగా ఉంది. అది నలుపు తెలుపుల వీడియో అన్న సంగతి నా బుద్ధికి తట్టలేదు.

తల్లీకూతుళ్లు ముందే వచ్చి ఉన్నారు. గురువుగారు వచ్చి కూర్చున్నారు. "ముందే చెబుతున్నానండీ. మొహాన రంగులు పులుముకునేవాళ్లంటే నాకు పడదు. రంగు కింద కళ్లేం పలుకుతయ్యి?"

"మా అమ్మాయి అట్టాంటిది కాదండీ," అన్నారు రూతు టీచరు.

"ఇది లినక్సండీ, ఇందులో పొరపాటుకు తావే లేదు," అంటూ నేను సుదీర్ఘమైన ఉపోద్ఘాతం ముగించి మీట నొక్కాను.

గోపాలుడు ప్రవేశించాడు. నేరేడుపళ్ల బుట్టలో దొర్లి లేచినట్టు నిలువెల్లా నీలం!

"ఏంటిది?" అన్నారు గురువుగారు.

ఆ ప్రదర్శన నేను కళ్లారా చూసినవాణ్ణి. పిల్ల రంగు పూయలేదని నాకు తెలుసు. కాని అంత పొగిడిన నోటితో లినక్స్‌లో లోపముందని ఎలా అనను?

"ఔచిత్యమండీ! నీలమేఘశ్యాముడు కదా."

"మాస్టారూ, నేనేం పూసుకోలేదండీ!" అంది మెర్సీ.

"నువ్వుండమ్మా. కళాకారులకు తమ గొప్ప తమకు తెలియదు."

రూతు టీచరు నా చెవి దగ్గరకు వంగారు. "ప్రభువా! మాస్టారూ, పిల్ల భవిష్యత్తండీ, కాస్త నోరు మూసుకోండి!"

ఇంతలో గోపిక వచ్చింది. ఆమె కూడా నీలమే.

"ఈవిడా మేఘమేనా?"

"తన్మయత్వమండీ. ఆయననే తలచుకుని తలచుకుని ఆ రంగుకే తిరిగింది."

కెమెరా మృదంగం వాయించే పెద్దమనిషి వైపు తిరిగింది. ఆయన బట్టతల నవనవలాడే వంకాయలాగా మెరిసింది.

"ఈయనగారూ తలచుకున్నారా?"

"భక్తులండీ..." అన్నాను.

నాట్యం ముగిసింది. ముఖ్య అతిథిని వేదికమీదికి పిలిచారు. శాలువా కప్పుకుని, పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ, నఖశిఖపర్యంతం నీలంగా ఎక్కివచ్చినవాడెవరనుకున్నారు? నేనే!

గురువుగారు కొత్త కళ్లజోడు సర్దుకుని తెరను చూశారు, నన్ను చూశారు.

"పంతులుగారూ, తమరు ఎవర్ని తలచుకున్నారండీ?"

మెర్సీ కుంటుకుంటూ వచ్చి రంగుల మీటను మధ్యకు జరిపింది. తెరమీద ఉన్న నాకు రంగు వచ్చింది. కుర్చీలో ఉన్న నాకు పోయింది.

గురువుగారు కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుని మరీ నవ్వారు. తరువాత గంభీరులయ్యారు. రూతు టీచరు ప్రార్థనకు చేతులు జోడించారు.

"అమ్మాయ్, ఆ వెన్న దొంగతనం దగ్గర నీ కళ్లు పలికినయ్యి. అక్కణ్ణుంచి నేను రంగు చూడటం మానేశా. ఈయన వ్యాఖ్యానం వినటం అంతకుముందే మానేశా. మడమ నయం కాగానే వచ్చెయ్."

అమ్మయ్య! ఉరికంబమెక్కి క్షేమంగా దిగివచ్చినవాడిలాగా నేను ఆ తల్లీకూతుళ్లకంటె ముందే కళ్లు తుడుచుకున్నాను.

కనుక సకల పాఠకుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: యంత్రం చేసిన తప్పుకు అలంకారశాస్త్రంలో సమర్థన వెదకను. ఒకవేళ వెదకవలసివచ్చినా, ఆ వీడియోలో చివరికి వేదిక ఎక్కేది నేను కానని రూఢి చేసుకునే వెదకుతాను.