నీడలో రాసిన నోటీసు

మాది పెంకుటిల్లు. కప్పు బరువు మోయదని సోలార్ ప్యానెళ్లను వాకిట్లోనే, నేల మీద ఇనుప కాళ్లు పాతి బిగించుకున్నాం. ఈ మధ్యాహ్నం పంచాయతీ కార్యదర్శి వచ్చి టేపు పెట్టి కొలిచాడు. రోడ్డుకు మరీ దగ్గరగా ఉన్నాయట, మూడు గజాలు వెనక్కి జరపాలట.

వెనక కానుగ చెట్టు ఉంది. దాని నీడలో పెడితే కరెంటు రాదు. ఆ చెట్టు పంచాయతీ నాటించిందే, కొమ్మ కొడితే జరిమానా.

మా అత్తమ్మ అతన్నే అడిగింది.

“ముందలుంటే రూలు ఒప్పదంటివి. ఎన్కకు జరిపితే ఎండ రాదు. చెట్టు కొట్టనియ్యరు. ఇగ ఎట్ల బిడ్డా?”

“నేనేం జెయ్యాలె అవ్వా? కాయిదంల ఎంత దూరముండాల్నో ఉన్నది. ఎండ సంగతి అండ్ల లేదు.”

నోటీసు రాయడానికి కుర్చీ అడిగి తీసుకుని, నేరుగా ఆ కానుగ కిందే వేసుకున్నాడు. రాస్తుంటే కాగితం మీద ఎండ పడింది. కుర్చీ నీడలోకి జరుపుకున్నాడు. కాసేపటికి మళ్లీ జరుపుకున్నాడు.

“ఎండ సంగతి నీక్కూడ ఎర్కనే బిడ్డా,” అంది అత్తమ్మ.

అతను నోటీసు మీద సంతకం పెట్టాడు. వారం గడువిచ్చి వెళ్లిపోయాడు.

ఎండా, రూలూ రెండూ ఒప్పుకునే చోటు మీ వాకిట్లో ఎక్కడైనా ఉంటే చెప్పండి. ప్యానెళ్లు అక్కడికే పంపిస్తాం.