జాజి ఆకులకు లొంగని నోటిపూత

ఉద్యోగ విరమణకు రెండేళ్ళ ముందు, వానలు మొదలయ్యే రోజుల్లో, సూరత్‌లోని పాండేసరలో ఒక ధర్మాసుపత్రి ఆయుర్వేద విభాగానికి నన్ను సీనియర్ వైద్యాధికారిగా వేశారు. సీనియర్ అంటే నా కింద ఒక కాంపౌండర్, అంతే. రోగుల్లో సగం మంది తెలంగాణ నుంచి వచ్చి మరమగ్గాల మీద పనిచేసేవాళ్ళు. వాళ్ళు మరమగ్గాన్ని సాంచా అంటారు.

రాజమల్లు వాళ్ళలో ఒకడు, నలభై దాటినవాడు. పెదవుల లోపల, చిగుళ్ళ మీద ఎర్రటి పూత, ఎడమ బుగ్గలో తెల్లటి మచ్చ. నెలల తరబడి కారం తినలేక పెరుగన్నంతో నెట్టుకొస్తున్నాడు. నోరంతా ఇలా వాచి మండడాన్ని మేము ముఖపాకం అంటాం. జాజి ఆకులు నమిలి ఉమ్మేయమన్నాను. త్రిఫల కషాయం గోరువెచ్చగా నోటినిండా పట్టి, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా ఉంచి వదలమన్నాను. దాన్ని గండూషం అంటారు.

మంట కాస్త తగ్గింది. అంతలో చెల్లెలి పెళ్ళికని ఊరెళ్ళి నెల రోజులుండి వచ్చాడు. ఎరుపు పోయింది, మచ్చ పలచబడింది. అంతా నా కషాయం చలవేనని కాంపౌండర్ ముందు కోతలు కూడా కోశాను. పనిలోకి వెళ్ళిన పదిహేను రోజులకు పూత మళ్ళీ మొదలైంది, మచ్చ ముందుకన్నా పెద్దదైంది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. గుట్కా నములుతూ నాతో అబద్ధాలాడుతున్నావని అందరి ముందూ కడిగేశాను. అతను తల వంచుకుని వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. మూడు వారాల్లో మానని మచ్చ ఏదైనా సరే, పెద్దాసుపత్రికి పంపి ముక్క తీయించి పరీక్ష చేయించాలి. ఆ సంగతి నాకు తెలుసు. కషాయంతో మంట తగ్గుతోంది గదా అని నేనే వాయిదా వేస్తూ వచ్చాను.

నెల తర్వాత అతని భార్య లచ్చవ్వ ఒక్కతే వచ్చింది. కారఖానాలో ఇంకొకాయన ఇలాగే బుగ్గలో మచ్చతో మొదలైన క్యాన్సర్‌తో పోయాడట. తనకూ అదేనని రాజమల్లు అన్నం మానేశాడట.

"గుట్కా ముట్టడమ్మా ఆయన. నా పిల్లల మీద ఒట్టు. మీరు అట్ల అనంగనే శరమై వస్తలేడు. జర మీరే వచ్చి చెప్పుండ్రి" అంది.

సిగ్గేసింది. ఆ మధ్యాహ్నమే ఆమె వెంట కారఖానాకు వెళ్ళాను. రాజమల్లు ఎనిమిది సాంచాల మధ్య తిరుగుతున్నాడు. ఒక సాంచా ఆగింది. పేకదారాన్ని అటూ ఇటూ మోసే నాడెలో కొత్త దారపు కండె పెట్టాడు, నాడె చివరి కన్నాన్ని పెదవులకు ఆనించి గట్టిగా పీల్చాడు. దారం కొస నోట్లోకి వచ్చింది. నూగు ఉమ్మేసి సాంచా నడిపాడు. నేనున్న కాసేపట్లో ఎన్నిసార్లు పీల్చాడో లెక్క తప్పింది. దారానికి నూనె ఉంటుంది. పైగా రెండో షిఫ్టు మనిషి కూడా అదే నాడెను పీలుస్తాడు. ఊళ్ళో ఉన్న నెలా అతని నోటికి నాడె తగల్లేదు, పూత అందుకే తగ్గింది. నేనేమో కషాయం గొప్ప అనుకున్నాను.

దారం లాగడానికి కొక్కెం లేదా అని అడిగాను. ఉందట, కానీ నోటితోనైతే జల్ది అవుతుందట. తండ్రి కూడా ఇలాగే పీల్చేవాడట. మరి నాకెందుకు చెప్పలేదన్నాను.

"ఏం తింటున్నవ్, ఏం నములుతున్నవ్ అని అడిగిండ్రు. దారం తింటమా అమ్మా?" అన్నాడు.

పదిమంది ముందు తిట్టాను కాబట్టి ఆ సాంచాల వాళ్ళందరి ముందే తప్పు నాదని ఒప్పుకున్నాను. అప్పుడే పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చాను. రిపోర్టు వచ్చేదాకా నాకూ అన్నం సహించలేదు. క్యాన్సర్ కాదు, దీర్ఘకాలపు వాపు అని వచ్చింది. కొక్కెం వాడాడు, జాజి ఆకులూ కషాయమూ సాగించాడు. రెండు నెలలకు కారం తిన్నాడు.

మూలిక మంటను తగ్గిస్తుంది. మంట ఎక్కడి నుంచి వస్తోందో వైద్యుడే వెతకాలి, తనకు చేతకానిది వేళకు పెద్దాసుపత్రికి పంపాలి. రెండూ నేను ఆలస్యంగా చేశాను. కేసు షీటులో ఏం తింటావు, ఏం నములుతావు అన్న వాటి కింద ఇంకో ప్రశ్న చేత్తో రాశాను: పనిలో నోట్లో ఏం పెట్టుకుంటావు? మర్నాడు సలాబత్‌పురా నుంచి చిగుళ్ళ వాపుతో, చీరల మీద కుట్టుపని చేసే ఒకతను వచ్చాడు. అదే అడిగాను. ఇదేం ప్రశ్న అన్నట్టు చూసి, సూదులు అన్నాడు.