అందని గుండు

రిటైరవడానికి మూడేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, హిందూపురంలోని చిన్న వీడియో గేమ్ ఆఫీసులో లెవెల్ డిజైనరుగా చేరాను. ఆటగాడు ఎక్కడ నిలబడాలి, ఎంత దూరం దూకగలడు, ఏ దారి ఎప్పుడు తెరుచుకోవాలి అన్నది తేల్చడం ఆ ఉద్యోగం. అంతకుముందు బెంగళూరులో పెద్ద కంపెనీలో అదే పని చేశాను. ఇక్కడ మేమిద్దరమే. కోడు రాసేది, బొమ్మలు గీసేది, యజమాని, అన్నీ ధర్మవరం అమ్మాయి భారతే.

ఆటలో ఒక పిల్ల, తప్పిపోయిన గొర్రెల మందను వెతుకుతూ పెనుకొండ కొండంతా తిరుగుతుంది. ఒక మలుపులో, లోయకు అవతల, ఎదురుగా పెద్ద రాతి గుండు. దానిమీద కంబళి కప్పుకుని ఒక మనిషి కూర్చుని ఉంటాడు. ఎంత దూకినా ఆ గుండు అందదు. ఆయన తన నాయన అని, ఆ కొండ కిందే గొర్రెలు మేపేవాడని, పోయి రెండేళ్లయిందని భారతి చెప్పింది.

కంటికి కనిపించిన చోటికి ఎప్పటికైనా చేరగలగాలన్నది మా వృత్తిలో నియమం. లేకపోతే ఆటగాళ్లు దాన్ని ఆట తయారీలో జరిగిన తప్పుగా లెక్కేస్తారని వాదించాను. ఆమె ఒప్పుకోలేదు. ఆమెకు చెప్పకుండా, దూకితే గుండు అందేలా మధ్యలో ఒక మెట్టు పెట్టాను.

విడుదలకు ముందు, ఆట తెలియనివాళ్లతో ఆడించి చూస్తాం. అప్పుడు మేం నోరు విప్పకూడదు. ఆ రోజు ఆడింది భారతి వాళ్లమ్మ. ఆమెకు నడిపించడం వచ్చింది గానీ దూకించడం రాలేదు. పిల్లను లోయ అంచు దాకా తెచ్చి ఆపేసింది. గుండు మీది మనిషిని గుర్తుపట్టింది.

"ఆడికి పోయేకి దావ ఉండాదా?" అని అడిగింది.

భారతి తెర మీది మెట్టును చూసింది, తర్వాత నన్ను చూసింది. నోరు విప్పకూడదన్న నియమం పక్కనపెట్టి ఆమే జవాబు చెప్పింది.

"లేదుమా. ఈడ నుంచి చూసేదే."

"సరేలే. కొంచేపు ఈడే ఉంటా."

చాలాసేపు అలాగే ఉంది. నిలబడిన పిల్ల జుట్టు గాలికి కదులుతోంది.

ఆమెను ధర్మవరం బస్సెక్కించి వచ్చాక భారతికి క్షమాపణ చెప్పి మెట్టు తీసేశాను. ఆ అంచున ఒక చదును బండ పెట్టి, పిల్ల దానిమీద కూర్చునే వీలు కల్పించాను.

విడుదలయ్యాక కొందరు గుండు అందకపోవడం ఆటలో తప్పే అని రాశారు. ఇంకొందరు అన్ని దారులూ వెతికి, చివరికి అక్కడ కూర్చున్నామని రాశారు. రిటైరయ్యాక నేనూ అప్పుడప్పుడు పిల్లను అక్కడి దాకా నడిపిస్తాను.

చేరలేని చోటును చూపించినప్పుడు, చూసేవాళ్లకు ఇవతల కూర్చునే చోటు ఇవ్వాలి. ఇరవై ఏళ్లకు పైగా దూకే దూరాలు కొలిచిన నాకు ఆ సంగతి ఆలస్యంగా తెలిసింది.